రబ్బరు పువ్వుకు కేసు షీటు

సిస్టరమ్మ పోయిందని పడవ నడిపే బిసాహూ వచ్చి చెప్పినప్పుడు నేను షాపులో బేరింగులు తుడుస్తున్నాను. విన్నాక కూడా తుడుస్తూనే ఉన్నాను. ఎప్పుడు, ఎలా అని అడగాలని కూడా తోచలేదు. బిసాహూ సంచిలోంచి పాత పౌడరు డబ్బా ఒకటి తీసి కౌంటరు మీద పెట్టాడు. "దీదీ తుంహర్ బర్ దే హే, భయ్యా" అన్నాడు. దీదీ నీకిమ్మందని. ఊపి చూశాను. లోపల ఏదో మెత్తగా కదిలింది గానీ చప్పుడు లేదు.

నాకెందుకు ఇచ్చినట్టు? ఆవిడ నాకు అక్కా కాదు, పిన్నీ కాదు. కౌంటరుకు అటువైపు ఆవిడ, ఇటువైపు నేను, ఇరవై ఏళ్లుగా అంతే. డబ్బాను కింది అరలోకి తోసేశాను. మూడు వారాలు దాని జోలికి పోలేదు. ఎందుకు పోలేదో చెప్తాను గానీ, ముందు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలి. అదే నాకు చేతకావడం లేదు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టగలనని కౌంటరులో నాకు పేరు. ఈ ఒక్క మనిషి మాత్రం ఈనాటికీ అర్థం కాలేదు.

మా నాన్న విజయనగరం వైపు నుంచి రాయ్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరుగా వచ్చినవాడు. నేను రైల్వే పరీక్ష మూడుసార్లు తప్పి, ఇరవై ఆరేళ్ల వయసులో, పెళ్లయి ఒక పిల్ల పుట్టాక, ఈ ఇంజను సామాన్ల షాపులో చేరాను. అప్పటి మా సేఠ్ ఇప్పటికీ మా సేఠే. నేను చేరిన ఏడాది వానాకాలంలోనే సిస్టరమ్మ మొదటిసారి వచ్చింది. తెల్ల చీర, మగవాళ్లు పట్టుకునే పెద్ద నల్ల గొడుగు, గుండెల మీద పిన్నుతో తలకిందులుగా పెట్టుకున్న చిన్న గడియారం. గాజుగుడ్డ పొట్లం ఒకటి విప్పి కౌంటరు మీద పెట్టింది. లోపల ఆరు రెక్కల రబ్బరు చక్రం. రెండు రెక్కలు ఊడిపోయి ఉన్నాయి.

"పేషెంటు ఎక్స్‌పైర్ అయిపోయాడు నాయనా. ఇంకొకటి ఇవ్వు" అంది.

నేను నోరు తెరిచాను. రాయ్‌పూర్ బజారులో తెలుగు వినపడ్డమే అరుదు. వినపడింది కాస్తా ఇలా ఉంది.

ఆవిడ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటరు సిస్టరు. నరసాపురం వైపు క్రైస్తవుల ఆడపడుచు. పెళ్లి చేసుకోలేదు. శంకర్ నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. తమ్ముడు రైల్వేలో ఖలాసీ పని మానేసి, అక్క కూడబెట్టిందంతా పెట్టి ఒక ఇంజను పడవ కొన్నాడు. ఆరంగ్ దాటాక మహానది రేవులో జనాన్ని అటూ ఇటూ దాటించేవాడు. రెండు వానాకాలాలు నడిపి, ఒకరోజు చెప్పాపెట్టకుండా కాకినాడ వెళ్లిపోయాడు. పడవ అక్క మెడకు చుట్టుకుంది. అమ్మెయ్యమని అందరూ చెప్పారు. "బిసాహూ ఏం చేస్తాడు మరి?" అనేది. బిసాహూ ఆ పడవ నడిపే కేవట్ కుర్రాడు. తాతల నాటి నుంచి తెడ్డు వేసిన కుటుంబం. ఇంజను పట్టుకున్నది ఇతనే మొదలు.

సెలవు దొరికిన ఆదివారం, ప్రార్థన అయ్యాక, బస్సెక్కి రేవుకు వెళ్లేది. ఒకసారి నేనూ చూశాను. కూరగాయల గంపలు, సైకిళ్లు, రెండు మేకలు, ఒక కొత్త కోడలు, అందరూ ఎక్కి కూర్చున్నారు. సిస్టరమ్మ కుడిచెయ్యి ఇంజను మీద ఆనించి, ఎడమచేత్తో గడియారం ఎత్తి చూస్తూ నిలబడింది. సరిగ్గా ఒక నిమిషం. పడవలో ఒక్కరు కిక్కురుమంటే ఒట్టు. తర్వాత వంగి, పడవ పక్కన గొట్టంలోంచి పడే నీటిధార కింద వేలు పెట్టింది. "ఒంటేలు బాగానే పోస్తున్నాడు, జ్వరం లేదు. పోనీ నాయనా" అంది. బిసాహూకి తెలుగులో తెలిసిన మాటలు మూడే. నాయనా, పోనీ, ఆగు. వాటితోనే ఆ నది అంతా నడిపాడు.

ఆ నీటిధారే ఈ కథకు ప్రాణం. పడవ ఇంజను వేడెక్కకుండా ఉండాలంటే నదిలోంచి నీళ్లు లాగి దాని చుట్టూ తిప్పి బయటికి వదలాలి. ఆ పని చేసేది ఒక చిన్న పంపు. పంపులో తిరిగేది ఆ రబ్బరు చక్రం. రేవు వాళ్లు దాన్ని ఫూల్ అనేవారు, మేం పువ్వు అనేవాళ్లం. పువ్వు రెక్క ఊడితే ధార ఆగుతుంది, ఇంజను కాలిపోతుంది, పడవ నది మధ్యలో నిలబడిపోతుంది. వానాకాలపు మహానది మధ్యలో నిలబడడమంటే మాటలు కాదు.

అంతకు ముందు ఒక పువ్వు వానాకాలమంతా వచ్చేదట. ఆ ఏడు నుంచి నెలన్నర తిరక్కుండానే పోవడం మొదలైంది. ఒక్క సిస్టరమ్మ పడవలోనే కాదు, రేవులో ఉన్న అయిదు పడవల్లోనూ. ఓనర్లు మా కౌంటరు మీద పడి గోల. "రబ్బడ్ ఫేర్ ఫట్ గే!" రబ్బరు మళ్లీ చిరిగిందని. వాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు. ఒకడు కంపెనీని తిట్టేవాడు, ఇంకొకడు సేఠ్‌ని, మూడోవాడు నన్ను. నేను కంపెనీకి ఉత్తరాలు రాసేవాణ్ణి. నదిలో ఇసుక ఎక్కువ, జాగ్రత్తగా నడపండి అని జవాబు వచ్చేది.

సిస్టరమ్మ మాత్రం అరిచేది కాదు. పోయిన ప్రతి పువ్వుకీ ఒక కేసు షీటు రాసేది. ఆసుపత్రిలో పారేసే జ్వరం చార్టుల వెనకవైపు, ఆవిడ గుండ్రటి అక్షరాలతో: పేషెంటు: పువ్వు నంబరు మూడు. ఎక్కించిన రోజు. పోయిన రోజు. లక్షణాలు. నాకు నవ్వొచ్చేది. "ఇవన్నీ ఎందుకు సిస్టరమ్మా, పోయిందేదో పోయింది కదా" అన్నాను ఒకసారి.

"ఎందుకు పోయిందో తెలియకుండా శవాన్ని బయటికి పంపకూడదు నాయనా" అంది.

ఇప్పుడు నా సంగతి. ఇంకెంతసేపు దాచను? కొత్త పువ్వును పంపులోకి ఎక్కించడం కష్టం. రెక్కలన్నీ ఒక పక్కకు వంచి నొక్కాలి. చేరిన కొత్తలో ఓనర్లు ఎక్కడం లేదని విసుక్కుంటుంటే నాకొక ఆలోచన వచ్చింది. నేను లోకో షెడ్డు క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. మా ఇంట్లో తలుపు బందుకు గ్రీజు, సైకిలుకు గ్రీజు, బావి గిలకకు గ్రీజు. గ్రీజు రాయని వస్తువు బతకదని మా నాన్న సిద్ధాంతం. "గ్రీజు రాసి ఎక్కించండి, నూనెలో పుల్లలా జారిపోద్ది. స్పేరు పువ్వు ఉంటే దాన్ని గ్రీజు డబ్బాలోనే పెట్టుకోండి, పాడవదు" అని చెప్పాను. చెప్పడమే కాదు, పువ్వు కొన్న ప్రతివాడికీ, సిస్టరమ్మ కంటే ముందు వచ్చి కొన్న బిసాహూకి కూడా, కాగితంలో ఇంత గ్రీజు ముద్ద నా చేత్తో చుట్టి ఇచ్చాను. సేఠ్‌కి కూడా తెలియదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ రోజుల్లోనే రేవులో ఒక పెద్ద గండం తప్పింది. సిస్టరమ్మ పడవ పదిహేనుమందితో నది మధ్యలో ఆగి, ప్రవాహంలో అడ్డంగా కొట్టుకుపోయి, అదృష్టవశాత్తూ ఇసుకమేట మీద ఎక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఓనర్లు కంపెనీ మీద పడ్డారు. కంపెనీ ఒక ఇంజనీరుని పంపుతానంది. ఆయన రాకముందే కబురు వచ్చింది: తప్పు డ్రైవర్లది, నీళ్లు లేకుండా ఇంజను తిప్పుతున్నారు, ముందు ఆ బిసాహూని తీసేస్తే మాట్లాడదాం అని. మిగతా నలుగురు ఓనర్లకీ అది బాగానే అనిపించింది. ఒకడిని తీసేస్తే అందరి పంపులూ బాగుపడతాయంటే ఎవరికి చేదు? బిసాహూ నాలుగు రోజులు అన్నం ముట్టలేదని విన్నాను. పడవ పోతే అతనికి తెడ్డు కూడా మిగలదు. ఇంజన్లు వచ్చాక తెడ్డు పడవ ఎక్కేదెవరు?

ఆ గురువారం సిస్టరమ్మ షాపుకు వచ్చింది. కౌంటరు మీద గాజుగుడ్డ పరిచి రెండు పువ్వులు పక్కపక్కన పెట్టింది. ఒకటి కొత్తది. రెండోది దానికంటే లావుగా, జిగటగా, ఉబ్బి ఉంది. వేలితో ఒక రెక్క లాగితే నానిన అప్పడంలా ఊడి వచ్చేసింది.

"ఇది నీళ్లలోకి దిగనేలేదు నాయనా. ఇసుకా తగల్లేదు, బిసాహూ పంపులో పెట్టనూ లేదు. నెలరోజులు గ్రీజు డబ్బాలో పడుకుంది, అంతే" అంది.

నేను ఊడిన రెక్కను వేళ్ల మధ్య నలిపి చూశాను.

"మా థియేటరులో డాక్టర్ల గ్లవ్సు ఉతికి, ఉడకబెట్టి, పౌడరు చల్లి మళ్లీ వాడతాం. కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా వేజలీను చేత్తో ముట్టుకుందనుకో, నాలుగోనాటికి అవీ ఇలాగే ఉబ్బి చిరిగిపోతాయి. రబ్బరుకి జిడ్డు పడదు. ఇన్నేళ్లు గ్లవ్సు ఉతికిన దాన్ని, ఇది చూడ్డానికి నాకు ఇన్నాళ్లు పట్టింది." గాజుగుడ్డ మడతపెట్టింది. తర్వాత నా ముఖంలోకి చూసి, "ఇంకేమైనా చెప్పాలా నాయనా?" అంది.

"నేనేటి సెప్తాను సిస్టరమ్మా. నాకేటి తెలుసు" అన్నాను.

ఆవిడ గుండెల మీది గడియారం ఎత్తి చూస్తూ నిలబడింది. ఒక నిమిషం. తర్వాత గొడుగు తీసుకుని, కౌంటరు దాటి, లోపల సేఠ్ కూర్చునే గదిలోకి వెళ్లింది. కాసేపటికి బయటికి వచ్చి వెళ్లిపోయింది. సేఠ్ నన్ను పిలవలేదు. ఏమీ అనలేదు. ఆదివారం రేవుకి స్పేరు సామాను పట్టుకెళ్లమన్నాడు, అంతే. అంటే ఆవిడ నా మాట ఎత్తలేదన్నమాట, నా సంగతి ఆవిడకు తెలియదన్నమాట అనుకున్నాను. ఎంత తేలిగ్గా అనుకున్నానో చూడండి.

ఆదివారం రేవులో ఇసుక మీద కుర్చీ వేసుకుని కంపెనీ ఇంజనీరు కూర్చున్నాడు. అయిదు పడవల వాళ్లూ చుట్టూ నిలబడ్డారు. బిసాహూ దూరంగా, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. సిస్టరమ్మ రెండు పువ్వులూ చూపించి, గ్లవ్సు సంగతి హిందీలో చెప్పింది. ఇంజనీరు పువ్వును అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, ఒప్పుకోక తప్పలేదు. "కిస్‌నే కహా గ్రీజ్ లగానే కో?" అని అరిచాడు. గ్రీజు రాయమని ఎవడు చెప్పాడని.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా చొక్కా జేబు మీదికి పోయింది. నలుగురు ఓనర్లకీ తెలుసు ఎవడు చెప్పాడో. నా చేతి గ్రీజు పొట్లాలు వాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి. ఒక్కడు నోరు విప్పితే చాలు, నా ఉద్యోగం మహానదిలో కలుస్తుంది. మా పిల్ల ముఖం కళ్లముందు ఆడింది. నువ్వుగింజ నానని ఆ నోళ్లు నాలుగూ మూసుకునే ఉన్నాయి. అందరూ ఇసుకలోకి చూస్తున్నారు.

"మైనే కహా" అంది సిస్టరమ్మ. నేనే చెప్పానని.

ఇంజనీరు ఆవిణ్ణి అందరి ముందూ కడిగేశాడు. ఇంజక్షన్లు ఇచ్చుకోక ఇంజన్లలో వేలెందుకు పెట్టావన్నాడు. నర్సు వైద్యం వల్ల కంపెనీకి చెడ్డపేరు అన్నాడు. తప్పు కంపెనీది కాదు కాబట్టి కొత్త పువ్వులు ఇవ్వబోమని రాసుకున్నాడు. డ్రైవరు సంగతి మాత్రం మరి ఎత్తలేదు. సిస్టరమ్మ గొడుగు పట్టుకుని, వార్డులో డాక్టరు తిడుతుంటే నిలబడ్డట్టు, నిటారుగా నిలబడి విన్నది. నేను తేలు కుట్టిన దొంగలా స్పేరు సంచి భుజానికి తగిలించుకుని నిలబడ్డాను.

తిరుగు బస్సులో వాన. పైకప్పు కారుతుంటే ఆవిడ బస్సులోనే గొడుగు విప్పింది. నన్ను కూడా దాని కిందికి జరగమంది. జరిగాను. కాసేపటికి ఉండబట్టలేక, "మీరెందుకు అలా అన్నారండీ?" అని అడిగాను.

"వార్డులో థర్మామీటరు పగిలితే రిజిస్టరులో సంతకం ఎవరిది నాయనా? సిస్టరుది. పగలగొట్టింది ఎవరైనా."

పగలగొట్టింది ఎవరో మీకు తెలుసా అని అడగాలి. అది అడగడానికి నాలుక లేవలేదు. అసలు ఇది వార్డేంటి, నేను ఆవిడ వార్డులో ఎప్పుడు చేరాను? గొడుగు కిందే ఇద్దరం రాయ్‌పూర్ చేరాం.

గ్రీజు మానేశాక పువ్వులు మళ్లీ వానాకాలమంతా వచ్చాయి. బిసాహూ పడవ దిగలేదు. నా ఉద్యోగం నిలిచింది. అందరికీ మేలే జరిగింది, ఆవిడ పేరు ఒక్కటే పోయింది. మా సేఠ్‌కి అదొక పిట్టకథ అయిపోయింది. రబ్బరు సామాను ఎవడు కొన్నా, "గ్రీజు మాత్రం రాయకు భాయ్. ఒక నర్సమ్మ ఇలాగే వైద్యం చేసి అయిదు ఇంజన్లు చంపింది" అని మొదలుపెట్టేవాడు. చెప్తూ చెప్తూ నా వైపు చూసేవాడు. నేను ఆ రోజు రేవులో ఉన్నాను కదా, సాక్షిని కదా, అందుకని చూస్తున్నాడనుకుని నేనూ నవ్వేవాణ్ణి. ఒకసారి ఆవిడ కౌంటరు దగ్గర ఉండగానే చెప్పాడు. ఆవిడా నవ్వింది. నేనూ నవ్వాను. సిగ్గులేదు నాకు.

ప్రతి ఏడూ వానలకు ముందు ఆవిడ పువ్వు కొనడానికి వచ్చేది. ఆసుపత్రి నుంచి రిటైరయ్యాకా వచ్చేది, నదికి వంతెన పడి పడవలు తగ్గాకా వచ్చేది. పొట్లం సంచిలో పెట్టుకున్నాక, "ఇంకేమైనా చెప్పాలా నాయనా?" అని అడిగేది. సామాను వాడే జాగ్రత్తలు అడుగుతోందని నాకు నేను నచ్చజెప్పుకునేవాణ్ణి. "ఏటీ లేదు సిస్టరమ్మా" అనేవాణ్ణి. ఆవిడ గడియారం చూసుకుంటూ ఒక నిమిషం ఆగేది. నాడి దొరకనట్టు తల కొంచెం వంచి, వెళ్లిపోయేది. ఎన్ని వానాకాలాలు? నాకు వేళ్లు చాలవు.

మూడు వారాల తర్వాత, నిన్న మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేకుండా చూసి డబ్బా మూత తీశాను. తెల్లటి పౌడరులో పూడ్చిపెట్టినట్టు ఒక రబ్బరు పువ్వు. ఆరు రెక్కలూ ఉన్నాయి. వంచితే వంగాయి, వదిలితే లేచాయి. ఎన్నేళ్ల నాటిదో. దాని కింద నాలుగు మడతల జ్వరం చార్టు. వెనకవైపు ఆవిడ అక్షరాలు: పేషెంటు: పువ్వు నంబరు ఒకటి. పోయిన రోజు: ఆవిడ మా షాపుకు మొదటిసారి వచ్చిన రోజు. లక్షణాలు. కారణం అన్నచోట మాత్రం తర్వాత వేరే సిరాతో రాసింది: గ్రీజు. కింద, డ్యూటీలో ఉన్నవారు అని ఒక గడి. అందులో బిసాహూ పేరు. దాని కింద నా పేరు. నా పేరు పక్కన, ట్రైనింగు.

అది దొంగల జాబితానా, డ్యూటీ లిస్టా? వెనక్కి తిప్పి చూశాను, ముందుకు తిప్పి చూశాను. ఇంకేమీ లేదు.

అప్పుడే ఒక ట్రాక్టరు అబ్బాయి పంపు రబ్బరు కోసం వచ్చాడు. సేఠ్ లోపలి నుంచి వచ్చి కూర్చుని, ఎప్పటిలాగే, "గ్రీజు మాత్రం రాయకు భాయ్. ఒక నర్సమ్మ..." అని మొదలుపెట్టి నా వైపు చూశాడు.

"ఆవిడ కాదు సేఠ్‌జీ. నేను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "రాయమన్నది నేను. పొట్లాలు కట్టి ఇచ్చింది నేను."

సేఠ్ కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. "మాలూమ్ హై" అన్నాడు. తెలుసు.

నేను చేతిలోని చార్టు కౌంటరు మీద పెట్టాను.

"ఆ గురువారమే చెప్పింది. నిన్ను తీసేస్తానన్నాను. వద్దంది. రేవు వాళ్ల నోళ్లూ తనే మూయించింది. కొత్త పిల్లలు తప్పు చేస్తే సంతకం తను పెడుతుందట. కానీ చేసినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు తమంతట తాము వచ్చి చెప్తారు, చెప్పిన రోజే ట్రైనింగు అయినట్టు, అందాకా అడగొద్దు అంది. నేను అడగలేదు. నీ ముందు కథ చెప్తూ వచ్చాను, అంతే." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "ప్రతి ఏడూ వెళ్లేటప్పుడు నన్ను అడిగేది, చెప్పాడా అని. ఆఖరిసారి కూడా అడిగింది. ఒక్క నెల ముందు చెప్పి ఉంటే వినేదిగా."

ట్రాక్టరు అబ్బాయి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ అర్థంకాక, తన పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు. కౌంటరుకు అటువైపు ఎవరూ లేరు. నేను గోడ గడియారం వైపు చూస్తూ ఒక నిమిషం నిలబడ్డాను.